ఇంట్లో ఎవరెవరు ఉంటారు

డాక్టరమ్మకి కోపం వస్తే గొంతు పెరగదు, చేతిరాత పెరుగుతుంది. ఆ రోజు పొద్దుట్నుంచి ఆవిడ రాసిన చీటీలన్నిటినీ పక్క మందుల షాపాయన కళ్ళజోడు పెట్టుకోకుండానే చదివేశాడు.

కోపమంతా ఫెలోషిప్ మీద. ఫ్యామిలీ డాక్టర్ల కాలేజీవాళ్ళు ఇచ్చే గౌరవం అది. పేరు పక్కన నాలుగు అక్షరాలు చేరతాయి. ఆ అక్షరాల మీద మోజు లేదంటే అబద్ధమే. 'ఓహో, ఊరికే ఫ్యామిలీ డాక్టరా' అని స్పెషలిస్టులు అన్నప్పుడల్లా వాటిని తీసి వాళ్ళ మొహాన కొట్టాలని ఏళ్ళుగా ఉంది. కానీ అసలు అవసరం వేరు. ఫెలో అయితేనే క్లినిక్‌కి ట్రైనీ డాక్టర్లని పంపుతారు. లేకపోతే ఈ రెండు గదులు, ఈ జనం, ఈ దగ్గులు అన్నీ ఆవిడొక్కతే మొయ్యాలి. కిందటి నెల జ్వరం వస్తే తన నాడి తనే చూసుకుని, మాస్కు పెట్టుకుని, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

పరీక్ష రాయమంటే రాసింది, మార్కులూ బాగానే వచ్చాయి. చిక్కంతా వీడియోల దగ్గర. పేషెంటుతో మాట్లాడటం మొదట్నుంచి చివరిదాకా, కత్తిరింపులు లేకుండా, అలాంటివి మూడు పంపాలి. ఎక్కడో కూర్చున్న పరిశీలకులు అవి చూసి ఈవిడకి మనుషులతో మాట్లాడటం వచ్చో రాదో తేలుస్తారు.

కిందటేడు రాదని తేల్చారు.

అప్పుడు పంపిన ఒక వీడియోలో ఉన్నది ఇస్త్రీ చేసే ఆవిడ, ఆవిడ నడుం నొప్పి. "అదేనా?" అంది డాక్టరమ్మ. "అదేనమ్మా" అంది ఆవిడ. "ఆయన?" "మామూలే." "పెద్దది?" "పర్లేదు." ఒక మాత్ర, ఒక పట్టీ, అయిపోయింది. ఆ 'మామూలే'లో మొగుడి తాగుడూ, ఆ 'పర్లేదు'లో పుట్టింటికొచ్చేసిన కూతురూ ఉన్నారని ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు. పరిశీలకులకి తెలియదు. రోగి ఇంటి పరిస్థితులు డాక్టరు కనుక్కోలేదనీ, ఇంట్లో ఎవరెవరు ఉంటారన్న మొదటి ప్రశ్న కూడా అడగలేదనీ రాసి పంపారు.

"వాళ్ళింట్లో పిల్లి ఎప్పుడు ఈనిందో కూడా తెలుసే నాకు" అని ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి మొత్తుకుంది.

చెల్లెలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తుంది. ఇంటికొచ్చినా ఆ పని మానదు. "నీ బుర్రలో ఉన్నది స్క్రీన్ మీద కనపడకపోతే అది లేనట్టే లెక్క అక్కా. మా ఆఫీసులో రోజూ ఇదే గొడవ" అంది.

అది చాలదన్నట్టు, సెలవుల్లో వచ్చి తన దగ్గరే సూది వెయ్యడం నేర్చుకున్న కుర్రాడొకడు ఈలోగా ఫెలో అయిపోయాడు. 'ఏముంది మేడమ్, ఈజీనే' అని మెసేజ్ పెట్టాడు, పక్కన పళ్ళికిలించే బొమ్మతో సహా.

ఈ ఏడు చెల్లెలు సెలవు పెట్టి మరీ వచ్చింది. ఫోన్‌కి స్టాండు తెచ్చింది, చొక్కాకి తగిలించే మైకు తెచ్చింది, బీరువా పక్కన వెలుగు చూసి మరీ అమర్చింది. ఆన్ చేసి తను మాత్రం బయట కూర్చునేది. లోపలి మాటలు తను వినకూడదు కాబట్టి. కెమెరా పెట్టేముందు ఒకసారి, ఆపేశాక ఒకసారి పేషెంటుని అడగాలనీ, రెండుసార్లూ మనస్ఫూర్తిగా సరేనంటేనే పంపాలనీ కాలేజీ నియమం. ఆ సంగతి గోడకి కాగితం మీద అంటించింది కూడా చెల్లెలే.

అన్నీ అమిరాయి, మనుషులు తప్ప. కెమెరా చూడగానే జనం వేరే జనం అయిపోయారు. మొలలతో కూర్చోలేక నిలబడలేక వచ్చిన ఒక పెద్దాయన "నాకే బాధా లేదు, అంతా డాక్టరమ్మ చలవే" అని ఫోన్‌కి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ ప్రతి జవాబుకీ ముందు గొంతు సవరించుకుంది, రేడియోలో చదువుతున్నట్టు. తను కాన్పు చేసిన మనిషినే పట్టుకుని 'మీకు పిల్లలెందరు' అని అడగడం డాక్టరమ్మకి చచ్చేంత సిగ్గుగా ఉండేది. అలా అడిగించుకున్న ఒక ముసలావిడైతే బయటికెళ్ళి గేటుతో గుసగుసగా చెప్పిందట, మేడమ్‌కి మతిమరుపు వస్తున్నట్టుంది, ఎవరైనా మంచి డాక్టరుకి చూపించమని.

గేటంటే గేటు కాదు, బయట బల్ల దగ్గర టోకెన్లిచ్చే మనిషి. ఆవిడని దాటి లోపలికి వెళ్ళినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు.

ఎలాగో కిందామీదా పడి రెండు వీడియోలయ్యాయి. మూడోది మిగిలింది. పంపడానికి ఆఖరి గడువు ఆ సాయంత్రం ఐదు. దాటితే మళ్ళీ ఏడాది.

బయట ఇద్దరే ఉన్నారు. ఒకరు టైలరక్క. మెడనొప్పి గురించి ఇంట్లో అద్దం ముందు చెప్పి చూసుకుని, పెళ్ళికెళ్తున్నట్టు తయారై వచ్చింది. రెండో మనిషి కండక్టర్ బాబాయ్. రిటైరై చాలా కాలమైనా ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. డాక్టరమ్మ చదువుకునే రోజుల్లో ఆయన బస్సులోనే కాలేజీకి వెళ్ళేది. వీధి మలుపులో పుస్తకాలతో పరిగెత్తుకొచ్చే పిల్ల కనిపిస్తే, డ్రైవరు ఎంత తిట్టుకున్నా బస్సు కదలనిచ్చేవాడు కాదు.

"బాబాయ్‌ని పంపు. ఆయనైతే నటించడు" అంది చెల్లెలు గేటుతో. టైలరక్క మొహం ముడుచుకుంది.

బాబాయ్‌కి షుగరు. రెండుసార్లు మాత్రలు పెంచినా దిగట్లేదు. డాక్టరమ్మ దృష్టిలో కారణం ఒకటే, నోరు కట్టుకోడు. ఇవాళ ఇంకో మాత్ర పెంచి, నాలుగు చీవాట్లు పెట్టి పంపుదామని ముందే అనుకుంది. ఆయన కూర్చున్నాడు, వీడియో తియ్యడానికి సరేనన్నాడు, ఈమధ్య కాస్త కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. ఎండలకి అయ్యుంటుందని తనే జవాబు కూడా చెప్పేసుకున్నాడు.

చీవాట్లు నాలుక చివరిదాకా వచ్చాయి. ఫోన్ మీద ఎర్ర చుక్క కనిపించింది. డాక్టరమ్మ వాటిని మింగి, బడిలో అప్పజెప్పినట్టు అడిగింది.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు బాబాయ్?"

ఆయన నవ్వాడు. "అదేంటమ్మా, నీకు తెలీదా?"

"తెలుసు. వాళ్ళ కోసం చెప్పండి" అని ఫోన్‌కేసి చూపించింది. వంటా వార్పూ పిన్నిది, పెత్తనం బాబాయ్‌ది, ఆ ఇల్లు తనకి తెలియకపోవడమేమిటి? కూతురికి ఒంట్లో బాగోలేదని పిన్ని సాయానికి వెళ్ళిందని విన్నది, అదీ ఎప్పుడో. తిరిగొచ్చే ఉంటుంది.

బాబాయ్ మోకాళ్ళ మీద చేతులు రుద్దుకున్నాడు. చాలాసేపు రుద్దుకున్నాడు. డాక్టరమ్మ కంటి చివరనుంచి గోడ గడియారం చూసింది, ఈయనేమిటి ఇంత చిన్న జవాబుకి ఇంతసేపు అని.

"నేనొక్కణ్ణే" అన్నాడు.

తర్వాత మిగతాది వచ్చింది, ఆగి ఆగి. కూతురికి ఒంట్లో బాగానే ఉంది. వియ్యాలవారి ముందు, నలుగురిలో, భార్యని ఒక మాట అన్నాడు. ఏ మాటో చెప్పలేదు. ఆవిడ ఆ రోజే పెట్టె సర్దుకుని కూతురింటికి వెళ్ళిపోయింది, అంతే. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, మందులేసుకున్నారా అని అడుగుతుంది, పెట్టేస్తుంది. ఇంట్లో పొయ్యి వెలిగించడం ఆయనకి చేతకాదు. టీ, రొట్టె, మళ్ళీ టీ. ఒక్కోసారి అదీ ఉండదు. మాత్రలు మాత్రం తప్పకుండా వేసుకుంటున్నాడు, ఆవిడ అడుగుతుంది కాబట్టి.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. తిండి తినకుండా, తను పెంచిన మాత్రలు. ఎండలకి కాదు ఆ కళ్ళు తిరగడం. ఇవాళ ఇంకొకటి పెంచి పంపి ఉంటే, ఆ ఇంట్లో ఆయన పడిపోయినా చూసేవాళ్ళు లేరు. అన్నిటికంటే ముల్లులా గుచ్చింది ఇంకొకటి. పోయిన నెలే, కీచులాడుకుంటున్న ఒక కుర్ర జంటని 'బాబాయ్ దగ్గరికెళ్ళండి, సర్ది చెబుతాడు' అని తనే ఆయనింటికి పంపింది. వెళ్ళారట. ఆయన సర్దాడట కూడా.

"మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"నువ్వడగలేదుగా అమ్మా. వచ్చిన ప్రతిసారీ తిట్టేవు. తిట్లు తిని వెళ్ళేవాణ్ణి. ఇంట్లో అవి కూడా లేవు కదా."

ఆ తర్వాత ఎర్ర చుక్క ఆవిడకి గుర్తు లేదు. వేలు పొడిచి షుగరు చూసింది, సొరుగులోంచి తన బిస్కెట్లు తీసి తినిపించింది, మాత్రల చీటీ కొట్టేసి కొత్తది రాసింది. ఏ పూట తినకపోతే ఏ మాత్ర మానెయ్యాలో ఆయన చేతనే చెప్పించుకుంది. పిన్ని వస్తే ఏమంటారని అడిగింది. తెలీదన్నాడు. అనాలని ఉందా అని అడిగింది. తల ఊపాడు. ఆవిడ ఏమీ అనకుండా అలా కూర్చుంది. అలా కూర్చోవడానికి కాలేజీ పుస్తకంలో ఒక పేజీ మొత్తం ఉంది, ఆవిడకి ఎప్పుడూ వంటబట్టని పేజీ.

ఫోన్ ఆపడానికి లేచినప్పుడు గానీ తట్టలేదు, ఇది ఎలాంటి వీడియోనో. ఇంతకంటే మంచిది ఆవిడ జన్మలో తియ్యలేదు. ఇది చూసి ఫెయిల్ చేసేవాడు పుట్టలేదు.

ఫోన్ ఆపేసి, గోడ మీది కాగితం చూసి, పంపొచ్చా అని అడిగింది.

"ఎవరు చూస్తారమ్మా ఇది?" అన్నాడు బాబాయ్.

"ముగ్గురు డాక్టర్లు. మీరెవరో వాళ్ళకి తెలీదు." అని ఊరుకోలేక, "మీ మొహం ఎరిగినవాళ్ళు ఉండరు బాబాయ్" అని కూడా అంది. ఆ రెండో మాట ఎందుకన్నానా అని తర్వాత తనని తనే తిట్టుకుంది.

"మొహం సరేనమ్మా. గొంతో? ముప్ఫయ్యేళ్ళు స్టాపులు అరిచిన గొంతు. ఇది ఎరగనివాళ్ళెవరు?" వద్దన్నట్టు చెయ్యి ఆడించాడు. అంతలో ఆవిడ మొహంలో ఏం చూశాడో, ఆ చెయ్యి దించేశాడు. "నీకు అంత అవసరమైతే పంపుకో తల్లీ. నీకోసం బస్సాపాను, ఇదొక లెక్కా."

సరేనన్నాడు. మాటైతే వచ్చింది, వీడియో చేతిలోనే ఉంది. గోడ మీద 'మనస్ఫూర్తిగా' అన్న పదాన్ని లావు అక్షరాలతో రాసింది చెల్లెలే, దాన్నిప్పుడు పీకి పారెయ్యాలనిపించింది డాక్టరమ్మకి.

బయటికొచ్చేసరికి చెల్లెలు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఎలా వచ్చిందని అడిగింది. బ్రహ్మాండంగా వచ్చిందని చెప్పింది డాక్టరమ్మ, చెప్పి ఫోన్ తన చేతిలోనే పెట్టుకుని ఆ వీడియో చెరిపేసింది. చెరిపినవి పడే చెత్తబుట్టలోకి కూడా వెళ్ళి మళ్ళీ చెరిపింది.

చెల్లెలు ఒళ్ళోని లాప్‌టాప్ పక్కన పెట్టేసింది. "ఆయన సరేనన్నాడా లేదా?"

"అన్నాడు."

"అంటే మరి?"

"ఆయన నాకోసం అన్నాడే. ఆయన కోసం కాదు."

నీకసలు బుద్ధుందా, ఏడాదంతా ఏడ్చింది ఎవరు, నా సెలవులు ఎవరిస్తారు అని చెల్లెలు మొదలుపెట్టింది. అవన్నీ న్యాయమైన ప్రశ్నలే. గడియారంలో ఇంకా కాస్త టైముంది, టైలరక్కని లోపలికి పంపి ఏదో ఒకటి తీద్దామంది చెల్లెలు. కానీ బాబాయ్ ఇంకా లోపలే ఉన్నాడు, బిస్కెట్లు తిన్నాక షుగరు మళ్ళీ చూడాలి, అది చూడకుండా ఆయన్ని మెట్లు దింపడానికి లేదు. చూశాక గేటుని తోడిచ్చి ఇంటికి పంపింది. అప్పటికి ఐదు దాటింది. లాప్‌టాప్‌లో కాలేజీవాళ్ళ పేజీ బూడిదరంగుకి మారి, నొక్కితే కదలడం మానేసింది. చెల్లెలు అయినా నాలుగుసార్లు నొక్కింది.

డాక్టరమ్మ లోపలికెళ్ళి పెన్ను బల్లకేసి కొట్టింది. ఆ కాలేజీవాళ్ళ మీద కోపం. ఎక్కడో కూర్చుని, ఏమీ తెలియకుండా, సరైన ప్రశ్నే అడిగారని మరీ కోపం. వాళ్ళది తప్పైతే ఎంత బావుండేది, హాయిగా తిట్టుకునేది. తన పేషెంట్ల ఇళ్ళలోంచి ఇంకెందరు పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారో, తనకి తెలుసనుకున్నవాటిలో ఇంకెన్ని పాతబడి కుళ్ళిపోయాయో, ఆ లెక్క ఇప్పుడు ఒక్కతే కూర్చుని తీసుకోవాలి. ఒక్కతే. ట్రైనీ లేడు, ఇంకో ఏడాది దాకా రాడు.

తలుపు తోసుకుని టైలరక్క వచ్చింది. స్టాండు మీద ఫోన్ లేకపోవడం చూసి, కట్టుకున్న బట్టలకేసి ఒకసారి చూసుకుంది.

"మరి ఇంత తయారైంది దేనికి నేను?"

"కూర్చో" అంది డాక్టరమ్మ. కొత్త చీటీ తీసింది. "ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

టైలరక్కకి ఒళ్ళు మండింది. "నన్నడుగుతావేంటి డాక్టరమ్మా? నా ముగ్గురు పిల్లలకీ సూదులేసింది నువ్వు కాదూ?"

"నేనే వేశాను" అంది డాక్టరమ్మ, పళ్ళు బిగించి. "అయినా చెప్పు."