చేతులు మారని రాయి

అమ్మ ఉన్ని సంచిలో ముందుగా రెండు జతల మేజోళ్ళు పెట్టింది. వాటిమీద ఎండు మల్బరీ పళ్ళ పిండి, నాలుగు రొట్టెలు, పాత చొక్కా చింపి కుట్టిన పొత్తిగుడ్డలు. స్ఫటికాన్ని మాత్రం సంచిలో పెట్టలేదు. దూదిలో చుట్టి చేత్తో పట్టుకుంది.

చూపుడువేలంత ఉండేది ఆ రాయి. మా పామీరు కొండల్లో దాన్ని మంచురాయి అంటారు. వెయ్యేళ్ళు ఎండ చూడని మంచు ఇక కరగడమే మరిచిపోయి అలా అవుతుందట. జ్వరమొస్తే నుదుటిమీద పెట్టేవాళ్ళు. గొర్రెల వెంట కొండెక్కేవాళ్ళు దాహానికి బుగ్గన పెట్టుకునేవాళ్ళు. బాలింత రొమ్ముమీద వేలాడితే పాలు పడతాయని మా అందరి నమ్మకం. నిగోర్ అక్కను పంజ్ ఏటికి అవతలి ఊళ్ళో ఇచ్చాం. పాలు పడక ఆమె తొలిబిడ్డ పదకొండో రోజున పోయింది. ఇప్పుడు రెండో కాన్పు అయి మూడు రోజులు. ఈసారీ పాలు లేవని కబురొచ్చింది.

"నువ్వెందుకే వెళ్ళడం?" అంది నానమ్మ. "పచ్చటోపీల సర్కారు సైనికులు దిగారు. ఇవాళో రేపో రేవు మూసేస్తారంటున్నారు. ఆ రాయేదో సబ్జలీకిస్తే వాడే ఇచ్చొస్తాడుగా."

"రొట్టెలు ఎవరు కాలుస్తారనేగా అత్తా, నీ దిగులు?"

"కాదా మరి? నీ చిన్నకూతురు కాల్చిన రొట్టె గాడిద కూడా ముట్టదు!"

ఆ చిన్నకూతుర్ని నేనే. నాకప్పుడు పదకొండేళ్ళు.

రేవులో సబ్జలీ తాత మేకతోలు తిత్తుల్లోకి గాలి ఊది తెప్ప కడుతున్నాడు. నాన్న కూడా నానమ్మ మాటే అన్నాడు.

"ఇటివ్వమ్మా," అన్నాడు తాత. "నా తెప్పమీద మేకే మునగలేదు, రాయి మునుగుతుందా?"

"మునగకపోతే పోయిన పండక్కి నువ్వు తిన్న కూర ఎక్కడిదయ్యా?" అంది నానమ్మ. అందరూ నవ్వారు.

అమ్మ చాలాసేపు నీళ్ళవైపు చూసింది. సంచి కింద పెట్టింది. దూదిపొట్లం ఇవ్వడానికి తాతవైపు చెయ్యి చాచింది.

"అమ్మా, చేతులు మారితే రాయి మూగదైపోతుందన్నావుగా?" అన్నాను.

అది ఆమె నేర్పిన మాటే. పాలకోసం ఇచ్చే రాయిని ఎవరిదైతే వాళ్ళే తమ చేత్తో కట్టాలి. నలభయ్యో రోజున తమ చేత్తోనే విప్పి తెచ్చుకోవాలి. మధ్యలో మరొకరి చెయ్యి పడితే ఇక అది వట్టి రాయి. నాకు గుర్తుందని చూపించుకోవాలనిపించింది. అంతకుమించి ఏమీ లేదు.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చూశారా, పిల్లకున్న బుద్ధి నాకు లేకపోయింది," అంది. "నలభై రోజులేగా. వచ్చేస్తాను."

ముప్పయ్యో రోజున సైనికులు సబ్జలీ తాత తిత్తులన్నీ కత్తులతో చీల్చారు. ఇకనుంచి ఏరు సరిహద్దు అన్నారు, దాటినవాళ్ళను కాలుస్తామన్నారు, అవతలివాళ్ళతో సంబంధాలున్నవాళ్ళను పట్టుకుపోతామన్నారు.

నలభయ్యో రోజున నేనూ నాన్నా ఒడ్డుకు వెళ్ళాం. అమ్మ అవతల సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. పక్కన అక్క. మమ్మల్ని చూడగానే అక్క బిడ్డను రెండు చేతులతో పైకెత్తింది. బొద్దుగా ఉన్నాడు, కాళ్ళు తంతున్నాడు. అమ్మ రాయిని ఎత్తి చూపింది. ఎండ పడి అది ధగధగా మెరిసింది.

సైనికుడు పరుగెత్తుకొచ్చాడు. వెనకే మా భాష తెలిసినవాడొకడు వచ్చాడు.

"ఎవరికి సైగ చేస్తోంది? ఎవరామె?"

"తెలీదయ్యా," అన్నాడు నాన్న. "అటువాళ్ళెవరో."

వాడు నావైపు వంగాడు. "నీకు తెలుసా, పాపా?"

నాన్న చెయ్యి నా భుజంమీద బిగుసుకుంది.

"తెలీదు," అన్నాను.

"ఇంటికి పద," అన్నాడు నాన్న. "వెనక్కి చూడకు."

ఏటి హోరులో అమ్మ నా పేరు పిలుస్తూనే ఉంది. నేను చూడలేదు.

మర్నాటినుంచి ఒడ్డుకు ఎవరినీ వెళ్ళనివ్వలేదు.

మా అమ్మ గులాందోం 1936 సెప్టెంబరు తొమ్మిదిన ఏరు దాటింది. 1951 చలికాలంలో అక్కడే పోయిందని మాకు 1989లో తెలిసింది. ఆమె తిరిగి రాలేదు.