ఓడలో అందరినీ చంపిన బ్యాండు మేస్త్రి

బ్యాండు మేస్త్రికి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు గానీ అది అబద్ధం. ముక్కు మీద ఆయనకు కళ్లజోడుంటుంది. కోపం ఉండేది చేతుల్లో. ఆ చేతులతోనే డ్రమ్ములు వాయించి పెళ్లాన్నీ పిల్లనీ పోషించాడు. బావమరిదిని కీబోర్డు ముందు కూర్చోబెట్టి మనిషిని చేశాడు. బావమరిది ఆ సంగతి ఇంకా ఒప్పుకోలేదనుకోండి, అది వేరే గొడవ.

సాధన చేసేది టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో. చప్పుడు బయటికి పోకుండా గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. అవి డ్రమ్ములనైతే ఆపుతాయి గానీ మేస్త్రి కేకలను ఆపడం వాటి తరం కాదు. ఆ షెడ్డులో చట్టం ఒకటే: మేస్త్రి కొట్టిందే తాళం. ఆయన పరిగెత్తితే అందరూ పరిగెత్తాలి, ఆయన నిదానిస్తే అందరూ నిదానించాలి. టిక్కు టిక్కుమంటూ లెక్క చెప్పే మెట్రోనోమును ఎవరో ఒకసారి తెస్తే, "తాళానికి చెవి చాలురా, తాళంచెవి అక్కర్లేదు" అని టైర్ల కుప్పలోకి గిరాటేశాడు.

మర్నాడు సాయంత్రం పెద్ద హాల్లో ప్రోగ్రాం. పాడబోయే గాయని పేరున్న మనిషి. సగం వాయిద్యాలు ముందే రికార్డు చేసిన ట్రాకు తెచ్చుకుంటుంది. బ్యాండు దానితో కలిపి వాయించాలి. ఆ ట్రాకు ఇవాళ పొద్దున్నే కూతురి ఫోనుకు వచ్చింది. ఇంకా ఎవరూ దాన్ని పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మేస్త్రి అడగలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బ్యాండులో ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వాయించే కూతురు వాటి పక్కన కూర్చుని ఫోను మీద టకటకా వేళ్లు ఆడిస్తోంది.

"ఏమిటే ఆ వడ్రంగిపిట్ట పని?"

"ఆట నాన్నా. అంతరిక్షంలో ఓడ. భూమి పాడైపోతే జనాన్ని ఇంకో నక్షత్రానికి తీసుకెళ్తుంటుంది. దూరం కదా, అందర్నీ గాజు పెట్టెల్లో నిద్రపుచ్చారు. వాళ్ల గుండెలు ఆగకుండా ఓడ పాడుతూ ఉంటుంది. పైనుంచి చుక్కలు రాలతాయి, గీత మీదికి రాగానే తాళానికి సరిగ్గా కొట్టాలి. తప్పామో, ఒక పెట్టెలో దీపం ఆరిపోతుంది."

"ఆరితే?"

"లోపలి మనిషి పోయినట్టు."

"బావా," అన్నాడు బావమరిది, మరీ తియ్యగా. "నువ్వు కొడితే పోయినవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. ఒక్కసారి కానీయ్."

పొగడ్తకు పడని మేస్త్రి ఇంకా పుట్టలేదు. కూతురి ఇయర్‌ఫోన్లు చెవుల్లో దోపుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని వేలు ఝళిపించాడు. మొదటి చుక్క రాలింది, కొట్టాడు. తెర మీద ఎర్రగా 'మిస్' అని పడింది.

"మిస్సా! పెళ్లీడు కూతురున్నవాణ్ణి పట్టుకుని మిస్సంటుందా!"

షెడ్డు నవ్వింది. రెండో చుక్కకు 'లేట్'. మూడో దానికి 'లేట్'. లేటెస్టు ఆటకు లేటు తప్ప మాట రాదా అని ఆయనే ఒక జోకు వేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. దీపాలు ఒకటొకటిగా ఆరిపోయాయి. పాట ముగిసేసరికి ఓడంతా చీకటి. అందులోంచి ఆడగొంతు ఒకటి మెల్లగా అంది: "ప్రయాణికులెవరూ మిగల్లేదు. అయినా నేను పాడుతూనే ఉంటాను."

"తాళం తప్పించింది అది! హంతకుణ్ణి నేనా?" మేస్త్రి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఈ వైర్లేని ఇయర్‌ఫోన్లలో చప్పుడు ఆలస్యంగా వస్తుంది. నాకు తెలీదనుకోకు!"

కూతురు వైరున్నవి తెచ్చి గుచ్చింది. చప్పుడుకూ తెరకూ మధ్య తేడా సర్దే మీట ఆటలోనే ఉంటే అదీ సర్ది, తను ఆడింది. ఒక్క దీపం ఆరలేదు. బాస్ గిటారు వాయించే మౌనస్వామి ఆడాడు. నోరు విప్పడు గనక అతనికా పేరు. అతనికీ ఆరలేదు. మళ్లీ మేస్త్రి. లేట్, లేట్, లేట్. ఓడంతా మళ్లీ శవాలే.

"ఫోను పాడైంది."

"ఆడలేక మద్దెల ఓడందట, అట్లా ఉంది నాన్నా."

"మద్దెల కాదే, నీ ఓడే ఓడు! నా దరువు తప్పైతే ఇన్ని ప్రోగ్రాములు ఎలా నడిచాయి? మీ అందరి వాయింపూ నా దెబ్బతో ఎలా కలిసింది? చెప్పండ్రా!"

బావమరిది కీబోర్డు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడు మౌనస్వామి నోరు తెరిచాడు.

"మీ చెయ్యి దిగేదాకా ఆగుతున్నాం గురువుగారూ. పోయిన వానాకాలం నుంచి."

మేస్త్రికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది.

"ఆగుతున్నారా? అందరూ? నన్ను మోస్తున్నారా? నేనేం శవాన్నా, నలుగురూ కలిసి మొయ్యడానికి!"

"అది కాదు బావా, రేపు ట్రాకు ఉంది. అది ఆగదు. నీకెలా చెప్పాలో తెలీక..."

"తెలీక? ఫోనుతో చెప్పించారా!" వేలు బావమరిది మీదికి తిరిగింది. "బావమరిది బావ బతుకు కోరతాడంటారు. నా ఇంట్లో తిని, నా షెడ్డులో కూర్చుని, నీ నోట్లో నాలుక పెట్టుకుని, పిల్లలాడుకునే బొమ్మతో నాకు 'లేట్' అని చెప్పిస్తావా?" కూతురి వైపు తిరిగాడు. "నువ్వూ తెలిసే ఇచ్చావటే ఆ ఫోను?"

"తెలిసే ఇచ్చాను." కూతురు కళ్లు దించలేదు. "మేం చెబితే వింటావా? చెప్పబోయిన ప్రతిసారీ కేకలేశావు. ఆ ఆటకు నువ్వు మేస్త్రివని తెలీదు. అందుకే నిజం చెప్పింది."

మేస్త్రి కర్రలు అందుకున్నాడు.

"లేవండి. ఆ ట్రాకు పెట్టండి. ఎవరైనా నా కోసం ఆగారో, చేతులు విరిచేస్తాను."

స్పీకర్లో ట్రాకు మొదలైంది. పల్లవి గట్టెక్కింది. చరణంలోకి వచ్చేసరికి ఒకే దెబ్బ రెండుసార్లు వినపడసాగింది, ముందు ట్రాకుది, వెనక ఆయనది. ఆ రెండింటి మధ్య సందును ఇన్నాళ్లూ వీళ్లంతా తమ వేళ్లతో పూడుస్తూ వచ్చారు. ఇవాళ ఎవరూ పూడ్చలేదు. మేస్త్రి పళ్లు కొరికి వేగం పెంచాడు. ఇంకా చెడింది. లయ తప్పితే ప్రళయమని శిష్యులకు చెప్పిన మనిషికి తన ప్రళయం తనకే వినపడింది. కర్రలు ఆపేశాడు.

ఆయన ఆపగానే అలవాటుకొద్దీ బావమరిది ఆగాడు, మౌనస్వామి ఆగాడు. కూతురు ఆగలేదు. తల వంచుకుని ప్యాడ్ల మీద కొడుతూనే ఉంది. ట్రాకుకూ ఆమెకూ మధ్య వెంట్రుక దూరదు. పాట చివరిదాకా వెళ్లి ఆగింది.

"నేనాపితే నువ్వెందుకు ఆపలేదే?"

"ఆపితే చేతులు విరిచేస్తానన్నావుగా."

బావమరిది నవ్వబోయి, బావ మొహం చూసి మింగేశాడు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. తలుపు దాకా వెళ్లాడు. వెళ్లిపోతే బాగుండునని అందరికీ అనిపించింది, ఆయనతో సహా. కానీ వెనక్కి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని డ్రమ్ముల ముందున్న స్టూలు మర తిప్పడం మొదలుపెట్టాడు. అది ఆయన ఎత్తుకు బిగించిన స్టూలు. తుప్పు పట్టి కదల్లేదు.

"నేను తిప్పుతా బావా."

"ముట్టుకున్నావంటే నీ తల తిప్పుతా!"

మెడ నరాలు పొంగేదాకా తిప్పాడు. కిర్రుమని మర వదిలింది. కూతురి ఎత్తు దాకా స్టూలు దించి, పెద్ద డ్రమ్మును తొక్కి మోగించే కిక్ పెడలు ఆమె కాలికి అందేలా జరిపి, కర్రలు స్టూలు మీద పడేశాడు.

"ఆ ప్యాడ్ల మీద పిడకలు కొట్టింది చాలు. వచ్చి కూర్చో. రేపు హాల్లో నువ్వు. నువ్వు తప్పితే అందరి ముందూ తిడతాను, గుర్తుపెట్టుకో. వీళ్లు నీ కోసం ఆగితే వీళ్లనీ తిడతాను."

"నాన్నా, నువ్వు..."

"నా గురించి మాట్లాడావంటే బాగుండదు! ఇంటికెళ్లాక ఒక్కొక్కడితో మాట్లాడుకుంటా. ముందు నీతోరా బావమరిదీ, నీ అక్క ఎదురుగానే!"

కూతురు కూర్చుంది. కర్రలు తీసుకుంది. మొదలుపెట్టమని ఆయన తలాడిస్తాడేమోనని ముగ్గురూ ఆయనకేసే చూస్తున్నారు. ఆయన గోడ వైపు తిరిగి కోడిగుడ్ల అట్టల మీద అరిచాడు:

"నా మొహంలో ఏముందే? కొట్టు!"