బ్రాకెట్ల పిన్ని

అరవై మూడో పేజీలో తెరుచుకున్న బ్రాకెట్టు ఒకటి ఎక్కడా మూసుకోలేదు. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, కంప్యూటరు తెర మీద చూపుడువేలు ఆనించి వరుస వెంట మెల్లగా నడిపించింది. రెండో వరుస చివర దొరికింది. పెద్ద బ్రాకెట్టు మూసుకుంది గానీ, లోపలి చిన్నది నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మీట నొక్కి దాన్ని మూసి, "ఊఁ, ఇప్పుడు ప్రాణం కుదుటపడిందా?" అంది దానితోనే.

ఈ అలవాటు వల్లే ప్రెస్సులో అందరూ ఆవిడని బ్రాకెట్ల పిన్ని అంటారు. యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, కాస్త గుండ్రంగా ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఎడమవైపు కాగితం పెట్టుకుని చూసి చూసి మెడ అటే తిరిగిపోయింది. ఎదురుగా నిలబడి ఎవరు మాట్లాడినా, పక్కనున్న ఇంకేదో చదువుతున్నట్టే కనిపిస్తుంది. కుడి మణికట్టుకి సాగే పట్టీ, జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు. వేళ్ళ చివర్లు మీటలు నొక్కి నొక్కి చదునైపోయాయి.

ప్రెస్సు రెండే గదులు. ముందు గదిలో ఆవిడ బల్ల, కొనేవాళ్ళు నిలబడే కౌంటరు. వెనక గదిలో యంత్రం. అది తిరిగినంతసేపూ గ్లాసులో టీ మీద చిన్న చిన్న వలయాలు లేస్తుంటాయి. ఏటా పరీక్షలకి మూడు వారాల ముందు అక్కణ్ణుంచి ఒక పుస్తకం బయటికొస్తుంది. పై తరగతి పిల్లల ఉన్నత గణితానికి నమూనా ప్రశ్నపత్రాలు. రాసేది మాస్టారు. ఉద్యోగం మానేసి ఇరవై ఏళ్ళయినా, ఎనభై దాటినా, ఊళ్ళో ఆయన మాస్టారే. రెండో మాస్టారు లేడు.

ఆయన మొదటి పుస్తకం ఈవిడ చేతికొచ్చి పంతొమ్మిదేళ్ళు. పదో తరగతితో చదువాపేసి టైపు నేర్చుకున్న మనిషికి ఆ గుర్తులన్నీ కొత్త. ఇంటిగ్రేషన్ అనే సమాకలనం గుర్తు పడగెత్తిన పాములా పొడుగ్గా ఉంటే, దాని వెనక ప్రతిచోటా 'డీ ఎక్స్' అని రెండక్షరాలు. రాసినాయన పొడి అక్షరాలు కాబోలు అనుకుంది. లెక్కలెక్కకీ సంతకం ఎందుకు, చాదస్తం కాకపోతే, అనుకుని నలభై రెండు చోట్ల శుభ్రంగా తీసేసింది.

మర్నాడు మాస్టారు ప్రూఫులు గొట్టంలా చుట్టి పట్టుకుని వచ్చారు.

"డీ ఎక్స్ లేని సమాకలనం తాడు లేని బొంగరం! నీ పని అక్షరాలు పేర్చడం అమ్మాయ్. లెక్కలో వేలు పెట్టకు!"

యంత్రం దగ్గరివాళ్ళు కూడా పని ఆపి చూశారు. ఆవిడ తల వంచుకుని సాయంత్రం దాకా నలభై రెండూ తిరిగి పెట్టింది. ఆ మర్నాడు భోజనాల వేళ అందరూ బయటికెళ్ళాక, పాడైన ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి, మొదటి అధ్యాయంలో మొదటి లెక్క ఎక్కించుకుంది. పెన్సిలు ముడిలోకి వచ్చింది అప్పుడే.

మూడేళ్ళు ఒక్క ముక్క ఎక్కలేదు. రాతి మీద నీళ్ళు పోసినట్టే ఉండేది. నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం, వంకర గీతకి ఒకచోట ఆనించిన తిన్నటి గీత ఎందుకు అలా వాలుతుందో ఉన్నట్టుండి కళ్ళకి కట్టింది. ఒక్కతీ కూర్చుని పైకే నవ్వేసింది. అప్పటినుంచీ ఏ రోజూ భోజనాల వేళ ఖాళీగా పోలేదు. చూసినవాళ్ళు ఇంటికి కావలసిన సరుకులు రాసుకుంటోంది అనుకున్నారు. అనుకోనిచ్చింది.

ఈ రోజు పుస్తకం యంత్రం ఎక్కాలి. మూడు గంటలకి గడువు.

పదకొండింటికి బడి దుస్తుల్లో ఇద్దరమ్మాయిలు కౌంటరు దగ్గర నిలబడ్డారు.

"ఆంటీ, మాస్టారి పుస్తకం వచ్చిందా?"

"ఎల్లుండి రండమ్మా."

"మిగతా పుస్తకాలు వద్దంది మా టీచరు. వాటిలో జవాబులు తప్పులంట. మాస్టారి దాంట్లో ఉంటే కళ్ళు మూసుకుని రాసెయ్యొచ్చంట" అంది రెండో పిల్ల, వీపు మీది సంచి సర్దుకుంటూ.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ జవాబుల పేజీలు ముందేసుకుంది. తొమ్మిదో పత్రం, పద్నాలుగో లెక్క. సైన్ వక్రానికీ అడ్డగీతకీ మధ్య సున్నా నుంచి ఒకటిన్నర 'పై' దాకా వైశాల్యం కనుక్కోమని ప్రశ్న. పక్కన మాస్టారి చేతిరాత, జవాబు: ఒకటి.

ఆవిడ వేళ్ళు ఆగాయి.

ఆ బొమ్మ నిన్న తనే గీసింది. అడ్డగీత మీద నిండు దిబ్బ ఒకటి, దాని పక్కన గీత కింద సగం గొయ్యి. దిబ్బ ఒక్కదాని వైశాల్యం రెండని పంతొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు కొట్టిందో లెక్కే లేదు. ఒక్క దిబ్బకే రెండయితే, దిబ్బకి సగం గొయ్యి కూడా చేరాక ఒకటెలా అవుతుంది? పెరగాల్సింది తరిగిందేమిటి?

ముడిలోంచి పెన్సిలు తీసింది. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ మూడే వచ్చింది. ఆ పత్రంలో మిగతావీ, తరవాతి పత్రాలవీ చేసుకుంటూ పోయింది. అన్నం డబ్బా మూత తియ్యలేదు.

రెండింటికి యజమాని వచ్చాడు. పెద్దాయన పోయాక ప్రెస్సు చూసుకుంటున్న కొడుకు. ఆవిడ కళ్ళ ముందే నిక్కర్ల నుంచి మీసాల దాకా ఎదిగినవాడు.

"అయిందా పిన్నీ?"

"ఒక జవాబు తప్పుంది బాబూ."

"మనం కొట్టిందా?"

"కాదు. మాస్టారు రాసిందే."

అతను గబుక్కున తలుపు వైపు చూశాడు, మాస్టారు విన్నారేమోనన్నట్టు. "పిన్నీ, ఆ డీ ఎక్స్ గొడవ మా నాన్న చచ్చేదాకా చెప్పుకుని నవ్వాడు. ఆయన రాసింది ఆయన నెత్తిన. మనకెందుకా జోలి?"

"పిల్లల నెత్తిన పడుతుంది బాబూ, ఆయన నెత్తిన కాదు" అంది ఆవిడ. అతను ఇంకేదో అనేలోపే ఫోను తీసుకుని అంకెలు నొక్కింది.

విషయమంతా విని మాస్టారు, "నేను నలభై ఏళ్ళు చెప్పిన పాఠం అది" అన్నారు. ఫోను పెట్టేశారు.

యజమాని తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం బల్ల మీది కాగితాలు వరసగా పేర్చి, మొన అరిగిన పెన్సిలు చెక్కుకుని కూర్చుంది. వస్తారని ఎందుకో తెలుసు.

అరగంటకి వచ్చారు. చేతికర్ర సాయంతో మెట్టు ఎక్కి, ఆయాసం తీరేదాకా కౌంటరు పట్టుకుని నిలబడి, ఆవిడ ఎదుట కుర్చీలో కూర్చున్నారు. బాగా చిక్కిపోయారు. చొక్కా మెడ చుట్టూ రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ.

"చూపించు."

ప్రూఫు వెనక వేసిన లెక్క ఆయన ముందు పెట్టింది. ఆయన అది చూడకుండా ఆవిడ ముఖంలోకి చూశారు.

"గీత కిందిది ఎందుకు కలిపావు? అది మైనస్ కదా?"

తరగతిలో నిలబెట్టి అడిగినట్టే ఉంది. ఆవిడ నిజంగానే లేచి నిలబడింది.

"సమాకలనం విలువ అడిగితే అది తీసెయ్యాలండీ, ఒకటే వస్తుంది. మీరడిగింది వైశాల్యం. వైశాల్యానికి మైనస్ ఉండదండీ. పైది రెండు, కిందిది ఒకటి. మొత్తం మూడు."

మాస్టారు అప్పుడు కాగితం అందుకున్నారు. పెదవులు కదుపుతూ వరస వరసా చదివారు. చివరికొచ్చాక కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళంటానని నా వెనకాల అందరూ అనుకుంటారు, నాకు తెలుసు" అన్నారు నెమ్మదిగా. "ఇవాళ దానికి నిజంగానే మూడు కాళ్ళుంటే, ఒకటే అని నేను పట్టుపట్టాను."

ముందు నవ్వింది యజమాని. తరవాత మాస్టారూ నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. ఆవిడ మంచినీళ్ళు అందించింది.

"ఎవరు నేర్పారు నీకు?"

"మీరేనండీ."

"నేనా? నిన్ను ఒక్క రోజు కూడా తరగతిలో కూర్చోబెట్టలేదే!"

"పంతొమ్మిది పుస్తకాలండీ. ప్రతి అక్షరం నా వేళ్ళ మీదుగానే పోయింది."

ఆయన ఆ చదునైన వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. ఆ తరవాత అడిగిన ప్రశ్న అసలు కష్టమైంది.

"ఇదొక్కటేనా?"

అవునంటే అయిపోయేది. ఆయన్ని ఆ మెట్టు దింపి ఆటో ఎక్కించి, మిగతావి తనే చడీచప్పుడు లేకుండా దిద్దుకునేది. కానీ లెక్కలో దాపరికం పనికిరాదని ఆ మనిషి పుస్తకాల్లోనే నేర్చుకుంది.

"ఇంకో రెండున్నాయండీ" అంది.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. జేబులోంచి ఎర్ర కలం తీసి మూడుచోట్లా తనే దిద్దారు. ప్రతి దిద్దుబాటు కిందా సంతకం చేశారు. అక్షరాలు వంకర పోయాయి. యజమాని గోడ గడియారం వంక ఒక్కసారి కూడా చూడలేదు. లోపలికెళ్ళి యంత్రం ఇంకో గంట ఆపమని తనే చెప్పొచ్చాడు.

వెళ్ళబోతూ మాస్టారు గుమ్మంలో ఆగారు. "ఆ వేళ లెక్కలో వేలు పెట్టకన్నాను కదూ."

"అన్నారండీ."

"నా మాట వినకపోవడం మంచిదయింది" అన్నారు. కర్ర చప్పుడు మెట్టు దిగి వీధిలో కలిసిపోయింది.

ఇంటికెళ్ళేసరికి పొద్దు ఇంకా ఉంది. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు భర్త బడిపిల్లల చొక్కాలు కుడుతున్నాడు. చెప్పులు విప్పకుండానే అంతా చెప్పింది. చేతులతో గాలిలో దిబ్బ గీసి, గొయ్యి గీసి చూపించింది. అతను నోట్లో ఉన్న గుండుసూది తీసి పక్కన పెట్టాడు.

"ఇందులో ఏముందే? కత్తిరించాలంటే గీత పైగుడ్డా కావాలి, కిందిగుడ్డా కావాలి. పైదాంట్లోంచి కిందిది తీసేస్తే చొక్కాకి చెయ్యి ఉండదు. అంత పెద్దాయనకి అదీ తెలియలేదా?"

"తెలియక కాదండీ." ఆవిడ మంచం అంచున కూర్చుంది. "అలిసిపోయారు."

అతను మిషను చక్రం మీద చెయ్యి వేసి, "అయితే మా ఆవిడ మాస్టారిని దిద్దిందన్నమాట" అన్నాడు. చక్రం తిప్పడం మాత్రం మరిచిపోయాడు. ముఖం చేటంత అయింది. పక్కింటాయన అప్పుడే తలుపు తాళం తీస్తుంటే కిటికీలోంచి పిలిచి మరీ ఆయనకి చెప్పాడు. ఆవిడ వద్దు వద్దంటూనే అక్కడే నిలబడి మొత్తం విన్నది.

పుస్తకం దుకాణాలకి చేరిన ఐదో రోజు పొద్దున ప్రెస్సుకి ఫోనొచ్చింది. యజమాని విని, "అలాగేనమ్మా" అని పెట్టేసి, వెనక గదిలోకెళ్ళి యంత్రం ఆపించాడు. ఆ నిశ్శబ్దంలో ఆవిడకి చెప్పకుండానే అర్థమైంది. మాస్టారు కుర్చీలో కూర్చుని కాఫీ కోసం ఎదురుచూస్తూ వెళ్ళిపోయారట. కొత్త పుస్తకం ఒళ్ళోనే ఉందట.

పరీక్షలు అయ్యాక ఒక మధ్యాహ్నం మాస్టారి కూతురు వచ్చింది. తండ్రి లాగే నుదురు ముడేసి చూసే మనిషి. సంచిలోంచి దారంతో కట్టిన కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. పైన ఎర్ర కలంతో రాసి ఉంది: 'బ్రాకెట్ల పిన్ని గారికి.'

"ఈ పేరు ఆయనకెవరు చెప్పారమ్మా?" అంది ఆవిడ కంగారుగా.

"ఇంట్లో మీ గురించి ఎప్పుడూ అలాగే అనేవారు. పిన్ని చూసిందంటే ఇక నేను చూడక్కర్లేదనేవారు." కూతురు కొంచెం నవ్వింది. "చివర్లో ఒకరోజు ప్రెస్సు నుంచి వచ్చాక 'గారు' కూడా చేరింది. ఆ సాయంత్రమే కూర్చుని ఇవి రాయడం మొదలుపెట్టారు. వచ్చే ఏటి పుస్తకానికట. పోయే ముందురోజు రాత్రి, నా వంతు అయిపోయింది అని దారం కట్టేశారు."

ఆమె వెళ్ళాక పిన్ని దారం విప్పింది. నూట ఇరవై లెక్కలు. అన్నీ కొత్తవే. ఎక్కడా చూసినవి కావు. కొన్ని వరసలు పక్కకి ఒరిగాయి, కొన్నిచోట్ల సిరా అలుక్కుపోయింది. అయినా ఒక్క బ్రాకెట్టూ తెరిచి వదలలేదు. ఒక్కొక్క కాగితం బోర్లా తిప్పుతూ చివరిదాకా వచ్చింది.

చివరి కాగితం పైన 'జవాబులు' అని పెద్ద అక్షరాలు, కింద గీత. ఆ గీత కింద ఒకటి నుంచి నూట ఇరవై దాకా వణికిన చేత్తో వేసిన అంకెలు మూడు వరసల్లో దిగాయి. ప్రతి అంకె పక్కనా ఓ చుక్క, చుక్క పక్కన ఒక జవాబు పట్టేంత ఖాళీ.