మోకాళ్ళ మీద ఎర్రమట్టి

లాండ్రీలో ఆమెను అందరూ మరకలమ్మ అంటారు. దుకాణంలోకి వచ్చిన ప్రతి బట్టా ముందు ఆమె బల్ల మీదికి రావలసిందే. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, వేలితో రాసి, ఒక్కోసారి వాసన చూసి, ఇది టీ, ఇది తుప్పు, ఇది పసిపిల్ల కక్కిన మందు అని చీటీ రాసి గుచ్చుతుంది. లోపల ఉతికేవాళ్ళు ఆ చీటీని బట్టే ఏ మందు వెయ్యాలో తేల్చుకుంటారు. పదహారేళ్ళలో ఆమె చీటీ తప్పింది రెండే రెండుసార్లు. ఆ రెండూ ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

అలాంటి మనిషి, ఇంట్లో మొగుడి ప్యాంటు మోకాళ్ళ మీద ఎర్రమట్టి కనబడితే ఊరుకుంటుందా?

ఆయన టూరిస్టు వ్యాను డ్రైవరు. పొద్దున ఏడింటికి పద్నాలుగు మందిని ఎక్కించుకుని, లోయల అంచునే తిప్పి, మధ్యాహ్నం నేల కింద తొలిచిన పాత ఊరి శిథిలాల దగ్గర ఆపి, సాయంత్రానికి ఎక్కడివాళ్ళను అక్కడ దింపుతాడు. లోయలైనా శిథిలాలైనా చూపించేది గైడు. డ్రైవరు వ్యాను విడిచి కదలకూడదని కంపెనీ నియమం. స్టీరింగు ముందు కూర్చునేవాడికి మట్టి అంటితే బూట్లకు అంటాలి, మహా అయితే ప్యాంటు అంచులకు. మోకాళ్ళకు అంటడమేమిటి? పైగా అది రోడ్డు దుమ్ము కాదు. రోడ్డు దుమ్మైతే దులిపితే పోతుంది. ఇది తడిగా అంటుకుని, ఆరి, నూలు పోగుల మధ్యకు దిగిపోయిన మట్టి. బ్రష్షుతో గీకితే తప్ప వదలదు. ఎండ మొహం చూడని చోటి మట్టి.

మొదటిసారి అడిగితే టైరు మార్చానన్నాడు. రెండోసారీ టైరే. మూడోసారి ఆమె అడగలేదు. వారానికి మూడు టైర్లు పోయే వ్యానును కంపెనీ ఈపాటికి పాతసామాన్లవాడికి అమ్మేసి ఉండాలని మనసులో అనుకుంది.

ఒక్క మట్టే అయితే సరిపెట్టుకునేదేమో. ఆయన చొక్కా జేబులో గొంతు బిళ్ళల కాగితాలు దొరకడం మొదలయింది, రోజుకు మూడు, నాలుగు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషాయన. ఆకలేస్తే గిన్నె వైపు చూస్తాడు, నిద్రొస్తే దీపం వైపు చూస్తాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆడిన మాటలన్నీ పోగేసినా ఒక పూట కబుర్లకు చాలవు. అన్నాల దగ్గర మాట్లాడేదంతా ఆమే. ఆ రోజు ఏ బట్ట వచ్చింది, దానికి ఏ మరక ఎలా పట్టి ఉంటుంది, కట్టుకున్నవాళ్ళ ఇంట్లో ఏం జరిగి ఉంటుంది అని ఏకరువు పెడుతుంటే ఆయన తల వంచుకుని తింటాడు. అలాంటి మనిషికి గొంతు బొంగురుపోతోందంటే, ఎక్కడో ఎవరితోనో మాట్లాడుతున్నాడన్నమాట. ఎవరితో? ఆ ప్రశ్న ఆమెను బల్ల దగ్గరా వదల్లేదు, పడక మీదా వదల్లేదు.

ఆ టూరుకు ఫోనులో ఒక టికెట్టు తీసిపెట్టమని కూతుర్ని అడిగింది. కాలేజీలో చదివే పిల్ల, మరీ అంత అమాయకురాలు కాదు. లోయలు చూడాలనుందే అని తల్లి చెబితే నమ్మినట్టే తలూపి, టికెట్టు తీసి ఇస్తూ మాత్రం ఒక మాట అంది.

"గొడవ పెట్టుకుంటే ఇంటికొచ్చాక పెట్టుకో అమ్మా. అక్కడ జనం ఉంటారు."

మర్నాడు రెండో స్టాపులో ఆమె వ్యాను ఎక్కేసరికి అద్దంలో ఆయన కళ్ళు కనబడ్డాయి. గేరు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. వెనక బస్సు హారను కొడితే గానీ వ్యాను కదల్లేదు. ఆయన పలకరించలేదు, ఆమె కూడా పలకరించలేదు. తప్పు చెయ్యనివాడైతే నువ్వేంటిక్కడ అని అడిగి ఉండేవాడని ఆమె లెక్క వేసుకుంది.

గైడుకు ముప్పై ఏళ్ళుంటాయి. ఆకుపచ్చ కోటు, మెడలో ఫోటో ఉన్న కార్డు, చేతిలో మైకు. నవ్వుతూ జాబితాలో టిక్కు పెట్టి, "కిటికీ పక్కన కూర్చోండమ్మా, బాగా కనబడుతుంది" అంది. మరకలమ్మ కిటికీ వైపు చూడలేదు, ఆ పిల్ల బట్టల వైపు చూసింది. కోటు మోచేతులు మాసి ఉన్నాయి. కానీ ప్యాంటు మోకాళ్ళు మాత్రం ఇస్త్రీ గీత చెదరకుండా ఉన్నాయి, ఎప్పుడో కడిగిన మరక నీడ కూడా లేదు. రోజూ నేల కిందికి దిగవలసినది ఈ పిల్ల. మోకాళ్ళ మీద మట్టి మాత్రం ఆయనకు. ఇదెక్కడి లెక్క?

పక్క సీటులో రిటైరైన పెద్ద టీచరు ఒకావిడ కూర్చుంది. టూరు కరపత్రంలో ముఖ్యమైన చోటల్లా ఎర్ర పెన్నుతో గీతలు గీసుకుని మరీ వచ్చింది. దారి పొడుగునా తన బడి సంగతులు చెప్పుకొచ్చి, చివరికి ముందు సీట్ల వైపు గడ్డంతో చూపించింది.

"వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలేమోనండీ. చూడండి, మాటతో పనే లేదు వాళ్ళకి. ఆవిడ చెయ్యి చాపితే ఆయన మైకు అందిస్తాడు."

"అలాగే ఉన్నారు" అంది మరకలమ్మ. 

మొదటి లోయ దగ్గర అందరూ అబ్బురపడిపోయారు. తెల్లటి రాళ్ళు, గులాబీ రంగు రాళ్ళు పొరలు పొరలుగా, ఉతికి ఇస్త్రీ చెయ్యకుండా కుక్కిన దుప్పట్లలా ఉన్నాయి. ఆమె చూసింది ఆ మాత్రమే. తర్వాత లోయకు వీపు పెట్టి వ్యానుకు ఎదురుగా నిలబడింది. రెండో లోయలో సన్నటి ఏరు, దాని వెంట వరసగా పొడుగాటి చెట్లు ఉన్నాయట. అది పెద్ద టీచరు చెబితే తెలిసింది. ఆమె చూసింది వేరు. గైడు తన సంచీలోంచి ఒక బిళ్ళల అట్ట తీసి, ఒకటి విరిచి, ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన నోట్లో వేసుకుని కాగితం జేబులో పెట్టుకున్నాడు.

ఓహో, బిళ్ళలు ఇక్కడివన్నమాట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఆయన కనబడే చోటు చూసుకుని కూర్చుంది. ఆయన డ్రైవర్ల బల్ల దగ్గర ఒక్కడూ కూర్చుని తింటూ, రెండుసార్లు ఆమె వైపు చూసి మళ్ళీ తల దించుకున్నాడు. లేచి రాబోయినట్టే అయింది గానీ అంతలో గైడు వెళ్ళి ఆయన చెవిలో ఏదో చెప్పింది.

శిథిలాల దగ్గర గైడు అందరినీ దింపి, గుహ ద్వారం ముందు నీడలో నిలబడమంది, రెండు నిమిషాల్లో వచ్చేస్తామంది. ఆ 'వచ్చేస్తాం'లో ఎంతమంది ఉన్నారో చూద్దామని మరకలమ్మ టికెట్ల గది గోడ వెనక ఆగింది. వ్యాను కిటికీ సూటిగా కనబడుతోంది. లోపల గైడు కోటు విప్పింది. విప్పి ఆయనకు తొడిగింది. తన మెడలోని కార్డు తీసి ఆయన మెడలో వేసింది. తర్వాత కాలరు సర్ది పై గుండీ పెట్టింది.

మరకలమ్మ గోడకు చెయ్యి ఆనించింది. ఆయన గుండీ తను ఎప్పుడు పెట్టింది? పెళ్ళయిన కొత్తలోనేనా, అప్పుడైనా పెట్టిందా? రేపు పొద్దున ఇంట్లో పెట్టె సర్దుకునేది తనా, ఆయనా? కూతురితో ఏమని చెప్పాలి? ఇంత దూరం ఆలోచించేసరికి వ్యాను తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ కోటు చేతులు పొట్టి అయిపోయి మణికట్లు కనబడుతుంటే, ఆయన ఒక్కడే దిగి గుంపు వైపు నడిచాడు. గైడు వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయి, కింద మా సీనియర్ చూపిస్తారు అని అక్కడి నుంచే చెప్పింది. ద్వారం దగ్గరి కాపలావాడు కార్డు తాడు చూశాడు గానీ ఫోటో చూడలేదు.

ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. వ్యాను దగ్గరికెళ్ళి ఆ పిల్లను నిలదీయడమా, ఆయన వెనకే దిగడమా? ముందు ఈయన చేస్తున్న నాటకమేదో చూడాలనిపించింది. అందరికంటే చివర మెట్లు దిగింది.

కింద చల్లగా, తడి గుడ్డ వాసన. తాడుకు వేలాడదీసిన బల్బుల వెలుగులో గదిలోంచి గది, దాని కింద ఇంకో గది. రాతిలోనే తొలిచిన గింజల గాదెలు, పశువుల తొట్లు, దారికి అడ్డంగా దొర్లించే పెద్ద గుండ్రటి రాయి. వీటి మధ్య నిలబడి ఆమె మొగుడు మాట్లాడుతున్నాడు.

గొంతు సవరించుకోకుండా, తడబడకుండా, ఇంట్లో ఏడాదికి సరిపడా మాటలు ఒక్క గదిలో మాట్లాడాడు. పై అంతస్తులో ఎవరుండేవారో, శత్రువులొస్తే ఏ దారి మూసేవారో చెప్పాడు. పిల్లలు నవ్వేలా చెప్పాడు. ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు తెలియదని ఒప్పుకుని, తెలిసింది చెప్పాడు. ఆమె ఒక స్తంభం వెనక నిలబడి, ఎవరో పరాయి మగవాణ్ణి చూస్తున్నట్టు చూసింది. ఇన్ని మాటలున్నాయా ఈయన దగ్గర? ఉండి, ఇంట్లో పొదుపా? ఆడమనిషి సంగతి తర్వాత, ముందు ఇదే పెద్ద మోసంలా అనిపించింది.

వంటగదిలోకి వచ్చాక ఆయన టార్చి గోడ మీద వేశాడు.

"ఇది చూడండి. నల్లగా ఉన్నదంతా మసి కాదు. వేలితో తుడిస్తే వచ్చేది మసి. ఇదిగో, భుజం ఎత్తులో నిగనిగలాడుతూ ఎంత తుడిచినా రానిది మనిషి ఒంటి జిడ్డు. చీకట్లో దారి తప్పకుండా భుజం రాసుకుంటూ తిరిగారు. ఎడమ గోడకే ఉంది చూశారా? బరువు కుడి భుజాన మోసేవాళ్ళన్నమాట."

అందరూ ఆ గోడను తాకి చూశారు. ఆమె మాత్రం కదల్లేదు. మసి తుడిస్తే వస్తుంది, ఒంటి జిడ్డు రాదు. ఆ మాట ఆమెదే. ఏదో చొక్కా కాలరు గురించి, ఎప్పుడో ఒక రాత్రి, తల వంచుకుని తింటున్న మనిషితో చెప్పింది. ఆమెకు ఒళ్ళు పొంగాలో మండాలో తెలియలేదు. నా మాటలు తీసుకొచ్చి ఊరివాళ్ళకు పంచుతున్నాడా అనుకుంది.

ఆ గది దాటాక సొరంగం సన్నబడి, మోకాళ్ళ మీద పాకితే తప్ప వెళ్ళలేనంత అయింది. కింద తడి ఎర్రమట్టి. ఆయన ఒక్కొక్కరినీ ముందుకు పంపి, చివరికి ఆమె కోసం ఆగాడు. చుట్టూ ఎవరూ లేరు.

"ఆ పిల్ల కిందికి దిగలేదు" అన్నాడు. "పోయిన చలికాలం కరెంటు పోయి, గంటన్నర ఇక్కడే ఉండిపోయింది జనంతో. అందరినీ బయటికి తెచ్చింది. అప్పట్నుంచీ మూడో మెట్టు దాటితే ఊపిరాడదు. ఆఫీసులో తెలిస్తే లైసెన్సు తీసేస్తారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఎవరా పిల్ల అంటావని."

"ఎవరా పిల్ల?"

"చూశావా" అన్నాడు ఆయన.

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని సొరంగంలోకి వంగింది. ఆయన చెప్పింది నిజమైతే మట్టి లెక్క సరిపోయింది, బిళ్ళల లెక్క సరిపోయింది, శుభ్రమైన మోకాళ్ళ లెక్కా సరిపోయింది. అన్నీ సరిపోయాయి కాబట్టే కాస్త అనుమానంగా ఉంది. గుండీ ఒక్కటే ఏ లెక్కలోకీ రాలేదు.

పైకి వచ్చేసరికి గైడు ద్వారం పక్కన నిలబడి ఉంది, సరిగ్గా రెండో మెట్టు మీద. పెదాలు కదుపుతూ వచ్చేవాళ్ళను లెక్కపెడుతోంది. పద్నాలుగో మనిషి మరకలమ్మ. ఆమెను చూశాక గానీ ఆ పిల్ల గోడ మీదినుంచి చెయ్యి తియ్యలేదు. చెయ్యి ఆనిన చోట రాతి మీద చెమట అచ్చు పడింది. మరకలమ్మ దాన్నీ చూసింది.

తిరుగు దారిలో పెద్ద టీచరు కరపత్రం తిరగేసి, ఖాళీ వైపున నీటుగా నాలుగు వాక్యాలు రాసింది. లైసెన్సు ఉన్న గైడే అన్ని చోట్లా వెంట ఉంటుందని ఇందులో అచ్చు వేశారు, ఆ అమ్మాయేమో వ్యానులో కూర్చుంది, ఇది పద్ధతి కాదు అని ఆవిడ బాధ. కింద చూపించినాయన పాపం బాగానే చెప్పాడు కనుక ఆయన ఊసు ఎత్తలేదట. రెండు సంతకాలుంటే ఆఫీసువాళ్ళు పట్టించుకుంటారని పెన్ను మరకలమ్మ చేతికిచ్చింది.

పెన్ను తేలిగ్గా ఉంది. ఒక్క సంతకం చాలు. రేపట్నుంచి ఆ ముందు సీట్లో ఎవరో మీసాల గైడు కూర్చుంటాడు. మైకు అందించడాలూ బిళ్ళలూ గుండీలూ ఉండవు. ప్యాంట్లు శుభ్రంగా వస్తాయి. తను హాయిగా నిద్రపోవచ్చు. ఆయన మాత్రం ఆ వ్యానులో మళ్ళీ పొద్దస్తమానం నోరు మూసుకుని కూర్చుంటాడు. ముందు సీట్లో ఆ పిల్ల వెనక్కి తిరిగి మళ్ళీ లెక్కపెడుతోంది, అందరూ కూర్చునే ఉన్నా సరే.

ఆమె పెన్నుకు మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

"కింద చూపించింది మా ఆయనండీ."

టీచరుకు అర్థం కావడానికి ఒక మలుపు పట్టింది. "మీ ఆయనా? మరి పొద్దుట్నుంచీ ఒక్క మాటైనా..."

"ఇంట్లోనూ అంతేనండీ."

"మరి ఆ అమ్మాయి?"

"అది తేల్చుకుందామనే వచ్చాను. ఇంకా పూర్తిగా తేలలేదు. తేలకుండా చీటీ రాయడం నాకు అలవాటు లేదు."

టీచరు ఆమెను ఎగాదిగా చూసి, కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. పంపుతుందో పంపదో చెప్పలేదు. మరకలమ్మ బతిమాలలేదు.

ఒక్కో స్టాపులో ఒక్కొక్కరే దిగిపోయారు. చివరగా ఆమె ఎక్కిన రెండో స్టాపు వచ్చింది. మరకలమ్మ లేవలేదు.

"అమ్మా, మీరు దిగాల్సింది ఇక్కడే" అంది గైడు.

"ఆవిడ నాతో వస్తుంది, ఇంటికి" అన్నాడు ఆయన, అద్దంలోకి చూడకుండా. "మా ఆవిడ."

ఈ ఒక్క క్షణం కోసమే మరకలమ్మ పొద్దున్నుంచీ కాచుకుని ఉంది. ఆ పిల్ల మొహాన్ని వెలుతురుకు ఎత్తి పట్టిన బట్టలా చూసింది. మొదట బెదురు, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు. దొరికిపోయిన దొంగ బెదురా, ఉద్యోగం పోతుందన్న బెదురా? రెండూ ఒకే రంగులో ఉంటాయి.

"ఆఫీసులో చెబుతారా అమ్మా?" అంది గైడు.

"చెప్పేదాన్నైతే ఈపాటికి చెప్పేదాన్ని" అంది మరకలమ్మ. లేచి ముందుకు వచ్చి, ఆ పిల్ల వెనక సీట్లో కూర్చుంది. "పొద్దుపోయింది, నిన్ను కూడా దింపేసే వెళ్తాం. ఇల్లెక్కడ? ఇంట్లో ఎవరెవరుంటారు?"

గైడు కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఆయన వ్యానును నెమ్మదిగా పోనిచ్చాడు. మరకలమ్మ ఊ కొడుతూ, ప్రతి మాటా శ్రద్ధగా వింది.