చివరి పాట తప్ప

ఏడాది చివర బెగాయిమ్ ఏ ఆల్బమ్‌కి మొదటి స్థానం ఇస్తుందోనని బిష్కెక్‌లో కొంతమంది కుర్రకారు తిండీ నిద్రా మాని ఎదురుచూస్తారు. మిగతా ఊరికి ఆమె కళ్లజోళ్ల కొట్టులో పనిచేసే పొడుగాటి మనిషి, అంతే. కానీ ఏ కంపెనీ దన్నూ లేకుండా వంటగదుల్లో, గ్యారేజీల్లో సొంతంగా పాటలు చేసుకునేవాళ్లకి ఆమె మాటంటే మాటే. నోరు మాత్రం మంచిది కాదు. "దీనికంటే మా ఫ్రిజ్ చప్పుడు నయం" అని నెట్‌లో రాసి పారేసి, హాయిగా నిద్రపోగలదు.

ఆమెకో పట్టింపు ఉంది. ఆల్బమ్ అంటే మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినాలి. మధ్యలో దాటేసేవాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మంట. పులావులో మాంసం ముక్కలేరుకుని లేచిపోయే రకాలని తిడుతుంది.

ఈ ఏడాది కరకోల్ కుర్రాళ్లు మూతపడిన ఈతకొలనులో దిగి రికార్డు చేసిన పాటలు ఆమెకి నచ్చాయి. ఆల్మతీ అమ్మాయి ఒకతె మూడు తీగల కోముజ్ ఒక్కటే వాయిస్తూ పాడిన ఆల్బమ్ ఇంకా నచ్చింది. తనకి తెలిసిన కుర్రాడు ఎర్మెక్ చేసిన ఆల్బమ్ ముందు అవన్నీ దిగదుడుపే. అందులో చివరి పాట కొషోక్. పోయినవాళ్ల కోసం ఆడవాళ్లు గోడవైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని ఎత్తే శోకం అది. మగవాడు కొషోక్ ఎత్తడం ఆమె ఎన్నడూ వినలేదు. బస్సులో వింటూ దిగాల్సిన చోట దిగడం మరిచిపోయింది.

"ఎవరికోసంరా?" అని ఎర్మెక్‌ని అడిగింది.

"మా అన్న కుబాత్ కోసం. మాస్కోలో కడుతున్న బిల్డింగు మీంచి పడిపోయాడక్కా. మేం మగాళ్లమే వెళ్లి, కొండల్లో మా నాన్న ఊళ్లో పాతిపెట్టి వచ్చాం. అమ్మకి ఇంకా చెప్పలేదు. గుండె ఆపరేషన్ అయిన మనిషి. ఎండలు రానీ, బాబాయిలంతా వచ్చి కూర్చుని పద్ధతిగా చెబుతారు."

"ఆవిడ ఏమనుకుంటోంది మరి?"

"ఉత్తరాన గనుల్లో ఉన్నాడు, అక్కడ ఫోన్ అందదు అనుకుంటోంది."

మొదటి స్థానం ఎర్మెక్‌దేనని ప్రకటించిన రోజు వాడే ఆమె కొట్టుకొచ్చాడు. "అక్కా, మా అమ్మ దృష్టిలో నేను పనికిమాలినోణ్ని. నేను చెబితే నమ్మదు. నువ్వెళ్లి ఈ శుభవార్త చెప్పి సుయున్చు అడుగు. ఒక్కసారైనా నన్ను చూసి మురిసిపోవాలి. చివరి పాట మాత్రం వినిపించకు. నా మీద ఒట్టే."

"ఆ మాత్రం తెలీదట్రా నాకు?" అంది బెగాయిమ్.

బస్సులో కూర్చుని, ఫోన్‌లోంచి ఆ పాట తీసేద్దామా అని ఆలోచించింది. చేయి రాలేదు. తోక కోసిన ఆల్బమ్ తన ఫోన్‌లో ఉండటమా! దాని ముందు పాట కాగానే ఆపేస్తే సరిపోతుందిలే అనుకుంది.

ఎర్మెక్ వాళ్లుండే ఊరి చివర పేటలో బొగ్గు పొగకి మధ్యాహ్నమే మసకగా ఉంది. గేటు దగ్గర నిలబడి, "సుయున్చు, అపా! సుయున్చు!" అని అరిచింది. శుభవార్త తెచ్చినవాళ్లు అలాగే అరవాలి, ఇంటివాళ్లు కానుక ఇవ్వాలి.

ఎర్మెక్ తల్లి బూబూసారా చెప్పులు తారుమారుగా తొడుక్కుని పరుగెత్తుకొచ్చింది. "కుబాతేనా? వస్తున్నాడా?"

బెగాయిమ్ చూపు ఆ చెప్పుల మీదికి దించుకుంది. "కాదపా, ఎర్మెక్ సంగతి. ఈ ఏడాది వచ్చిన పాటలన్నిట్లోకీ వాడివే మొదటివి."

ముసలామె ముఖం వాడిపోయింది. అంతలోనే నవ్వేసింది. "పోన్లే, వాడి గోల కూడా ఒకరికి నచ్చిందన్నమాట!" లోపలికెళ్లి నీలం ఉన్ని మఫ్లర్ తెచ్చి తనే బెగాయిమ్ మెడకి చుట్టింది. "కుబాత్‌కని అల్లాను. వాడొచ్చేలోగా ఇంకోటి అల్లేస్తాలే."

వద్దంటే అనుమానం వస్తుంది. బెగాయిమ్ చుట్టించుకుంది.

టీ పోసి, రొట్టే జామూ పెట్టి, "ఏదీ, పెట్టు విందాం" అంది బూబూసారా. మొదటి పాటకి, "ఇదేంటే, గిన్నెలు తోముతున్నాడా?" అని వెక్కిరించింది. తర్వాత పాటకి ఏమీ అనలేదు. ఆ తర్వాత దానికి వేళ్లతో బల్లమీద తాళం వేసింది. "అచ్చం వాళ్ల నాన్న గొంతే" అంటూ కళ్లు తుడుచుకుంది. పాటలు రాసినవాణ్ని తానే కన్నంత సంతోషం కలిగింది బెగాయిమ్‌కి.

పొయ్యి చల్లారిపోతోంది. ముసలామె బొగ్గు బకెట్ తీసుకోబోతే, "ఆపరేషన్ అయిన మనిషివి, కూర్చో అపా" అని తనే లాక్కుని పెరట్లోకి వెళ్లింది. మోగుతున్నది చివరిదానికి ముందు పాట, పెద్దది, టైముందిలే అనుకుంది. పాటని మధ్యలో ఆపడం ఆమె వల్ల కాని పని. కానీ పెరట్లో బొగ్గు మంచుకి గడ్డకట్టుకుపోయింది. గునపంతో పొడిచి పొడిచి బకెట్ నింపేసరికి కిటికీలోంచి ఎర్మెక్ శోకం వినిపించింది. బకెట్ అక్కడే వదిలేసి పరుగెత్తింది.

ఫోన్ అందుకోబోతే బూబూసారా ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ."

చివరి మాట దాకా వింది. ఆ మనిషి విన్నట్టు ఒక పాటని ఇంకెవరూ వినగా బెగాయిమ్ చూడలేదు.

"ఇది మగాళ్లు ఎత్తేది కాదు" అంది ముసలామె.

"పాటే కదపా. ఊరికే, కొత్తగా ఉంటుందని..."

"చావు లేకుండా ఊరికే ఎవరూ ఎత్తరు పిల్లా. చెవి వెనక పుట్టుమచ్చ అన్నాడు. ఆ మచ్చ మొదట చూసింది నేను."

బెగాయిమ్ తల దించుకుంది.

"గేటు దగ్గర అరిచావే, అప్పటికే నీకు తెలుసా?"

"తెలుసపా."

"తెలిసే ఇది మెడకి చుట్టించుకున్నావా?"

బూబూసారా బెగాయిమ్ మెడలోంచి మఫ్లర్ విప్పి తన భుజాన వేసుకుంది. మెల్లగా లేచి గోడవైపు తిరిగింది. నడుం మీద చేతులు పెట్టుకుని, కొడుకు పేరు పిలుస్తూ కొషోక్ ఎత్తుకుంది. పక్కింటి ఆడవాళ్లు ఏడుస్తూ గేటు తోసుకుని వస్తున్నారు.

ఈ ఏడాది ఇంతకంటే గొప్పది వినలేదు అన్న మాట బెగాయిమ్ మనసులో దానంతటదే వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెవులు మాత్రం చివరి దాకా వింటూనే ఉన్నాయి.