తేనె మీద ప్రమాణం

నాకు నోరు ఎక్కువని మా క్యాంపులో అందరూ అంటారు. ఎక్కువే. నోరు లేనివాళ్లు ఏం బాగుపడ్డారో నేను చూడలేదు గనక తగ్గించుకునే ఆలోచన కూడా లేదు. అయితే ఆ రోజు గానుగ దగ్గర నేనన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఈ ముక్క ముందే చెప్పి మిగతాది చెబుతాను.

బీర్కూర్ దాటాక కాలువ వెంట ఉంటుంది మా క్యాంపు, అంటే వలస వచ్చిన రైతుల ఊరు. మా మామగారు నిజాంసాగర్ నీళ్లను నమ్ముకుని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నారు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన సాయిప్రసాద్ నా మొగుడు, చిన్నాయన ఏడుకొండలు నా మరిది. మామగారు పోయాక పొలం చెరిసగం పంచుకున్నారు. ఇళ్లు మాత్రం ఒకే వాకిట్లో ఉండేవి. అత్తయ్య లక్ష్మీకుమారి మా దగ్గరే ఉండేది గానీ, ఆవిడ ప్రాణమంతా చిన్నకొడుకు మీదే.

ఏడుకొండలు చెరకు వేసి బెల్లం గానుగ పెట్టాడు. మా ఆయన ట్రాక్టరు కొన్నాడు. ఆ ట్రాక్టరు కాలువ గట్టు మీద తిరగబడి ఆయన నడుము విరిగింది. ఎన్ని ఆసుపత్రులు తిప్పినా మనిషి మంచానికే పరిమితమయ్యాడు. పొలం కౌలుకిచ్చాం. ఆ కౌలు మందులకే సరిపోయేది కాదు.

“ఇంట్లో ఊరికే కూర్చునే బదులు గానుగ దగ్గరికి రారాదా వదినా. పొయ్యిలో పిప్పి ఎగదోస్తే అందరితో పాటు నీకూ కూలి ఇస్తాను” అన్నాడు మా మరిది, చెరకు తెచ్చిన రైతులందరూ వింటుండగా.

సాయం చేస్తున్నట్టే అన్నాడు మహానుభావుడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ గానుగ కూడా మా మామగారి సొమ్ముతో లేచిందే. అడుక్కు తిననైనా తింటాను గానీ వీడి పొయ్యి ముందు మాత్రం కూర్చోనని అప్పుడే అనుకున్నాను.

తొంభై ఆరులో కాబోలు, బాన్సువాడలో ఆడవాళ్లకు తేనెటీగల పెంపకం నేర్పుతున్నారంటే వెళ్లాను. నేర్పి, కొన్ని పెట్టెలు కూడా ఇచ్చారు. మొదట్లో కుట్టించుకుని ముఖమంతా బూరెలా ఉబ్బిపోతే, మంచం మీద నుంచి మా ఆయన పగలబడి నవ్వాడు. నడుము పోయాక ఆ మనిషి నవ్వగా చూడటం అదే మొదలు. ఇంకాస్త కుట్టినా బాగుండు అనిపించింది.

ఆ రోజుల్లో మా చుట్టూ పొద్దుతిరుగుడు బాగా వేసేవాళ్లు. పువ్వు విచ్చితే చాలు, పెట్టెలు బరువెక్కేవి. తేనె తీసి, అత్తయ్య పాత నూలు చీరలో వడకట్టి, సీసాల్లో పోసి బస్సులో బాన్సువాడ తీసుకెళ్లేదాన్ని. మూలికల కొట్టువాళ్లు నా తేనె కోసం కనిపెట్టుకుని ఉండేవాళ్లు. ఉప్పూ పప్పూ, ఆయన మందులూ, అన్నీ ఆ పెట్టెల్లోంచే వచ్చేవి. ఒకరి ముందు చెయ్యి చాచే పని తప్పింది.

అత్తయ్యకు ఆ ఈగలంటే పిచ్చి. పువ్వు లేని రోజుల్లో వాటికి పంచదార నీళ్లు పెట్టేది ఆవిడే. వెడల్పాటి మట్టి మూకుట్లో నీళ్లు పోసి, పైన గడ్డిపోచలు వేసేది. “ఈ పోచల మీద కూర్చుని తాగుతాయే. లేకపోతే మునిగి చస్తాయి, పాపం” అనేది.

తంటా అంతా చెరకు ఆడే రోజుల్లో వచ్చింది. అన్నదమ్ముల పంపకాలు ఈగలకేం తెలుస్తాయి? రసం వాసన తగిలితే చాలు, పొద్దుతిరుగుడు వదిలేసి గానుగ మీద ముసిరేవి. పెనంలో పడి చచ్చేవి, కూలివాళ్లను కుట్టేవి. ఏడుకొండలు బాధ అబద్ధమని నేననను. బాన్సువాడలో వ్యాపారి ఒకాయన బెల్లం పగలగొట్టి చూస్తే మధ్యలో రెక్కలు కనిపించాయట.

“నీ పెట్టెలు కాలువ అవతలికి మార్చెయ్ వదినా” అన్నాడు వచ్చి.

“అవతల వరి తప్ప ఏముంది? పువ్వు లేని చోట ఈగల్ని పెట్టి నేను మట్టి తినాలా? నీ రసం డ్రముల మీద గుడ్డలు కప్పించుకో.”

“ఎవడు కుడతాడు అన్నేసి గుడ్డలు?”

నేనే కుట్టాను. ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ జత చేసి డ్రములకు సరిపడా కుట్టి పట్టుకెళ్లి ఇచ్చాను. కొన్నాళ్లు కప్పారు. ఆ తర్వాత చూస్తే, వేడి పెనం దించేటప్పుడు చేతికి పట్టుకునే మసిగుడ్డలయ్యాయి అవి. అడిగితే, “మర్చిపోతున్నారు వదినా, ఏం చెయ్యను” అన్నాడు.

ఒక పొద్దున అత్తయ్య పిలిచింది. “రాధా, ఒకసారి ఇటు రావే. ఇవి ఎగరట్లేదు.”

వెళ్లి చూశాను. పెట్టెల ముందు నేలంతా ఈగలే. కొన్ని వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి, చచ్చినవి నాలుక బయటపెట్టి ఉన్నాయి. మూత తీస్తే లోపల అడుగున తడితడిగా కుప్ప. ఏ పెట్టె తీసినా అంతే. బిడ్డల్ని పెంచినట్టు పెంచాను వాటిని. అక్కడే కూలబడి ఏడ్చాను. అత్తయ్య చీపురు తెచ్చి ఊడ్వడం మొదలుపెట్టింది.

చుట్టుపక్కల చేలల్లో ఎవరూ మందు కొట్టలేదు. పువ్వు మీద ఎవరు మందు కొట్టాలన్నా ముందు నాకు కబురు చెప్పేవాళ్లు. ఇక మిగిలింది ఒక్కటే చోటు. లేచి గానుగ వెనక్కి వెళ్లాను. పిప్పి కుప్ప చాటున వెడల్పాటి మట్టి మూకుడు ఉంది. అందులో చెరకు రసం. ముక్కు బద్దలయ్యేలా పురుగుమందు కంపు. పైన శుభ్రంగా గడ్డిపోచలు వేసి ఉన్నాయి. తల్లి చేస్తుంటే చూసి నేర్చుకున్నాడు. వాటికి ఏ కష్టం లేకుండా కూర్చుని తాగేలా ఏర్పాటు చేశాడు.

ఆ మూకుడు అప్పుడే చేతిలోకి తీసుకుంటే కథ వేరుగా ఉండేది. నేనేమో ఒళ్లు తెలియని కోపంలో ముందువైపు పరుగెత్తి అరిచాను. నలుగురూ పోగై వెనక్కి వచ్చేసరికి అక్కడ తడి నేల తప్ప ఏమీ లేదు. పొయ్యిలో పిప్పి ఎగదోసే సమ్మవ్వ ఆ పక్కనే చేతులు కడుక్కుంటోంది.

“నువ్వు చూశావు కదా సమ్మవ్వా. చెప్పు” అన్నాను.

“నేనేం జూడలేదమ్మా. నా పొట్ట గొట్టకు” అంది తల వంచుకుని. ఆవిడనేం అంటాను? “నేను మందు పెట్టలేదు” అన్నాడు ఏడుకొండలు.

చెరకు బండితో వచ్చిన ఎల్లన్న అనే పెద్దాయన ముందుకొచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తగవులు తీర్చే మనిషి. “గింత లొల్లి ఎందుకు చెల్లె? ప్రమాణం జేస్తడు, అయిపోతది. ఎవరన్న కర్పూరం దెండి” అన్నాడు.

ఇక్కడి పద్ధతి అది. నింద పడ్డవాడు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, నేను చెయ్యలేదని చెబితే ఇక ఎవరూ ఆ సంగతి ఎత్తకూడదు. నింద మోపినవాళ్లే మధ్యలో ప్రమాణాన్ని చెడగొడితే, నింద అబద్ధమైనట్టే లెక్క.

“కర్పూరం వద్దు ఎల్లన్నా. తూకం దగ్గర గొడవైన ప్రతిసారీ ఆర్పుతూనే ఉన్నాడు, మా మరిది అరచెయ్యి రాటుదేలిపోయింది. కాస్త ఆగండి” అని ఇంటికి వెళ్లాను. తేనెపట్టులో ఇంకా మూత పడని గదుల్లో కొత్తగా చేరిన పలచటి తేనె ఉంది. దాన్ని స్టీలు గిన్నెలోకి పిండుకుని, ఒక చెంచా వేసుకుని వచ్చాను. అత్తయ్య చీపురు పక్కన పడేసి నా వెనకే వచ్చింది.

“ఇది ఇప్పుడే నా పెట్టెలోంచి తీసింది. మందేమీ పెట్టలేదంటున్నాడు కదా, ఒక్క చెంచా నాకమనండి. నాకితే ఇక్కడే కాళ్ల మీద పడతాను. లేదంటే నా పెట్టెలన్నిటికీ మళ్లీ ఈగలు తెచ్చి పెట్టాలి.”

ఏడుకొండలు గిన్నెలోకి చూసి, అందరి వైపూ చూశాడు. “పొద్దున్నే తీపి పడదు నాకు” అన్నాడు.

సమ్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లన్న నవ్వలేదు. “తీపి పడదా? పాకం నాకి జూడకుంట ఎన్నడన్న పెనం దించినవా నువ్వు?” అన్నాడు.

ఏడుకొండలు మెడ మీద చెమట పట్టింది. నేను గెలిచినట్టే అనుకున్నాను. కొత్త ఈగలొస్తాయి, పొద్దుతిరుగుడు ఇంకా పూర్తిగా విచ్చనే లేదు, ఈ ఏడాది గడిచిపోతుంది. అంత దూరం ఆలోచించేశాను.

అప్పుడు అత్తయ్య నన్ను తప్పించుకుని ముందుకొచ్చి గిన్నె లాక్కుంది. “వాడు నా కడుపున పుట్టినవాడు ఎల్లన్నా. వాడి బదులు నేను నాకుతాను. చెల్లుతుందా?”

ఎల్లన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. “తల్లి జేస్తే కొడుకు జేసినట్టే. కాని ఎందుకవ్వా నీకు?”

“నా కొడుకు అలాంటివాడు కాదు. అందుకు” అంది అత్తయ్య. కొడుక్కి వీపు పెట్టి, ఎల్లన్న వైపు తిరిగి నిలబడి, చెంచా ముంచింది.

నేను ఆవిడను చూడలేదు. వాడినే చూశాను. ముఖం పాలిపోయింది. పెదాలు కదిలాయి. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అమ్మా ఆగు అంటాడు అనుకున్నాను. వాడు పెనం వైపు తిరిగాడు.

“సమ్మవ్వా, మంట తగ్గించు. పాకం అడుగంటుతోంది” అన్నాడు.

చెంచా ఆవిడ పెదాల దగ్గరికి వెళ్లింది. ఆ మందు తేనెలోకి ఎంత దిగిందో, మనిషినేం చేస్తుందో నాకూ తెలియదు. తెలుసుకోవడానికి అత్తయ్యే దొరికిందా? చెయ్యెత్తి గట్టిగా కొట్టాను. చెంచా ఎగిరి పిప్పిలో పడింది, గిన్నె బోర్లా పడింది. తేనె బూడిదలో కలిసిపోయింది.

గానుగ ఇంజను మాత్రం దడదడమంటూ ఆడుతూనే ఉంది.

“నువ్వే చెడగొడితివి గదా చెల్లె. ఇగ నేనేం జేస్తా? పద్ధతి పద్ధతే” అన్నాడు ఎల్లన్న. నా ముఖంలోకి చూడకుండా అన్నాడు. అక్కడున్నవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు, అందరికీ అర్థమైంది. కానీ అందరి చెరకూ ఆ గానుగ పాక ముందే కుప్పలు పడి ఉంది. ఎండితే రసం రాదు. ఒక్కొక్కరే బండ్ల దగ్గరికి వెళ్లిపోయారు.

పట్టులన్నీ తీసి తగలబెట్టాను. పెట్టెలు కడిగి ఎండబెట్టినా వాటిలో పెట్టడానికి ఈగల్లేవు, కొనే దారి లేదు. మా ఆయన మందులు అయిపోయాయి. నొప్పితో పళ్లు కొరుక్కుంటూ, నేను చూసినప్పుడు మాత్రం బాగానే ఉన్నానంటాడు. ఒకనాడు మరిది గుమ్మంలోకి వచ్చి నేల చూస్తూ, “పొయ్యి దగ్గర మనిషి కావాలి వదినా” అన్నాడు. నా నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాను. తిట్టి, వస్తానని చెప్పాను.

మర్నాడు నెత్తికి తుండు చుట్టుకుని బయల్దేరుతుంటే, పెట్టెలుండే చోట అత్తయ్య కూర్చుని ఉంది.

“ఆ రోజు నువ్వు తొందరపడ్డావే రాధా” అంది.

“దేనికి అత్తయ్యా?”

“అందులో ఏముందో నాకు తెలియదా? చచ్చిన ఈగల్ని ఊడ్చింది నేనేగా. తిందామని కాదే నోటిదాకా తెచ్చింది. వాడు ఆపుతాడని తెచ్చాను.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇంకొక్క క్షణం ఆగి ఉంటే వాడే వచ్చి నా చెయ్యి పట్టుకునేవాడు. నువ్వే ఆగలేదు.”

వాడు పెనం వైపు తిరగడం ఆవిడ చూడలేదు. మంట తగ్గించమన్న మాట ఆ ఇంజను చప్పుడులో వినపడిందో లేదో నేను అడగలేదు.

“ఆపేవాడే అత్తయ్యా. నాదే తొందర” అని చెప్పి గానుగకు వెళ్లాను.