చేప ఫస్టు

పదో తరగతిలో లెక్కల్లో ఫస్టు నేనే. అయినా క్లాసులో నా పేరు కళ కాదు, "చేప ఫస్టు". మా నాన్న వేటకెళ్ళి తెచ్చినవాటిలో మంచి కోనాం చేప ప్రతి ఆదివారం లెక్కల మాస్టారు దేవేంద్ర సార్ ఇంటికి వెళ్తుందని అండమాన్‌లోని మా డాలీగంజ్‌లో అందరికీ తెలుసు. ఆ మాట అన్నవాళ్ళతో జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్లాడాను. రాత్రింబవళ్ళు చదివేది నేను, పేరు చేపకా? ఒళ్ళు మండేది.

పోయిన శనివారం పోర్ట్ బ్లెయిర్‌లో స్కూళ్ళ మధ్య లెక్కల పోటీ. మా స్కూలు నుంచి నన్నూ మా క్లాసు చక్రినీ పంపారు. బోర్డు మీద నన్ను చెయ్యమన్న లెక్క x² = 5x. ఇదీ ఒక లెక్కేనా అని నవ్వొచ్చింది. రెండు వైపులా ఒక్కో x కొట్టేసి, x = 5 అని రాసి సుద్దముక్క పెట్టేశాను.

"ఇంకో జవాబేదీ?" అన్నారు అక్కడి మేడమ్.

ఇంకోటి లేదన్నాను. మా స్కూల్లో దీనికి ఫుల్ మార్కులని కూడా అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. వెనక బెంచీలోంచి ఎవరో "సున్నా" అని అరిచారు. నిజమే, x సున్నా అయినా లెక్క సరిపోతుంది. హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చక్రి మెల్లగా చెప్పాడు. "యూనిట్ టెస్టులో నేనూ అలాగే కొట్టేశాను కళా. సార్ మార్కు కోసి, సున్నా ఎక్కడికి పోయిందని చెవి మెలేశారు. ఇంక మర్చిపోతానా?"

అదే టెస్టులో, అదే తప్పుకి నాకు రైటు పడింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు పొద్దున్న నాన్న సార్ కోసం చేప సంచిలో పెడుతుంటే లాగేశాను.

"ఏటే, ఏటయింది నీకు? గురువుగారికి ఇత్తే తప్పేటి?"

"ఆ చేప తిన్న నోరు నాకు తప్పని సెప్పదు నానా! నా సదువే వండి పెట్టేత్తన్నావు ఆళ్ళకి!"

"నీ మంచికే కదే..."

నాన్న ముఖం చూస్తే జాలేసింది. కోపం అంతకన్నా ఎక్కువేసింది. ఆ చేప మేమే తిన్నాం. నాకు ముద్ద దిగలేదు.

సోమవారం సార్ బోర్డు మీద x² = 7x రాస్తే నేనే లేచాను. కావాలనే x కొట్టేసి, x = 7 అని రాశాను. సార్ కుర్చీలోంచి ఓ చూపు చూశారు. "ఏక్‌దమ్ సహీ. శాబాష్ బేటా, బైఠో."

నేను కదల్లేదు.

"గలత్ హై సర్." తప్పని నేనే అన్నాను. హిందీలోనే అడిగేశాను. "చక్రి చేస్తే తప్పు, నేను చేస్తే రైటు ఎలా అవుతుంది? మా ఇంటి నుంచి ఇంక చేప రాదు. నాకూ తప్పుని తప్పనే చెప్పండి."

సార్ ముఖం కందగడ్డయింది. "బద్‌తమీజ్! బైఠ్ జా!"

"కూర్చోను సర్. ఎందుకు తప్పో చెప్పండి, అప్పుడు కూర్చుంటాను."

ఆయన విసురుగా లేచి వచ్చారు. కొడతారనుకున్నాను. కొట్టినా కదలకూడదనుకున్నాను. నా జవాబు మీద పెద్ద ఇంటూ కొట్టి, నా వైపు చూడకుండా, x సున్నా కావచ్చు కాబట్టి దాంతో ఎందుకు భాగించకూడదో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. నా కోపం ఏమీ తగ్గలేదు. కానీ ఒక్క ముక్క వదలకుండా విన్నాను. రెండేళ్ళలో ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం అదే.